బుసకొట్టే దీపం గుట్టు విప్పిన హెర్తా

మేరీ క్యూరీ పేరు వినని ఆడపిల్ల బళ్ళో ఉండదు. ఆ క్యూరీ 1912లో ఒంట్లో బాగాలేక, పత్రికలవాళ్ళ పోరు పడలేక, ఎవరికీ తెలియకుండా ఇంగ్లండు వెళ్ళి కొన్నాళ్ళు తలదాచుకుంది. సముద్రం ఒడ్డున హైక్లిఫ్ అనే చోట ఇల్లు చూసిపెట్టి, పుట్టింటి పేరుతో ఆమెను అక్కడ ఉంచి, ఎవరి కంటా పడకుండా కాపాడిన స్నేహితురాలి పేరు హెర్తా ఎయిర్‌టన్. ఆవిడా శాస్త్రవేత్తే. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఎలక్ట్రికల్ ఇంజినీర్లకు బాగా తెలిసిన పేరే. నేను బి.ఎస్సీ. చదివినప్పుడు మా ఫిజిక్సు పుస్తకంలో కార్బన్ ఆర్క్ గురించి ఒక పేజీ ఉండేది. రెండు కడ్డీలు, మధ్యలో వెలుగు, కింద బొమ్మ పేరు. ఆ వెలుగు ఎందుకు గోల చేస్తుందో ఏళ్ళ తరబడి కూర్చుని తేల్చిన మనిషి ఒక ఇల్లాలని ఆ పేజీలో ఎక్కడా లేదు. అందుకే ఈవారం ఆవిడ కథ చెప్పుకుందాం అనిపించింది.

ఆవిడ అసలు పేరు ఫీబీ శారా మార్క్స్. 1854 ఏప్రిల్ 28న ఇంగ్లండులోని పోర్ట్‌సీ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి పోలండు నుంచి వచ్చిన యూదుడు, గడియారాలు బాగుచేసేవాడు. తల్లి కుట్టుపని చేసేది. శారాకు ఏడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అప్పటికి ఇంట్లో ఏడుగురు పిల్లలు, తల్లి కడుపులో ఎనిమిదో బిడ్డ. ఇక చెప్పేదేముంది? తల్లి సూది పట్టుకుంటే, చంటిపిల్లల్ని చంకనెత్తుకోవడం శారా వంతయింది.

తొమ్మిదేళ్ళప్పుడు లండన్‌లో బడి నడిపే పిన్ని, పిల్లను మా దగ్గరికి పంపు, చదివిస్తానని అడిగింది. ఆ తల్లి స్థానంలో ఎవరున్నా, ఇంట్లో ఆసరాగా ఉన్న పెద్దపిల్లను పంపడానికి వెనకాడతారు. ఆమె పంపింది. ఆడవాళ్ళకు బతుకులో మగవాళ్ళకన్నా పెద్ద పోరాటం ఉంటుంది కాబట్టి వాళ్ళకే మంచి చదువు కావాలని ఆమె నమ్మకమట. చదువుకున్నవాళ్ళం, మనలో ఎంతమందిమి కూతురి ఫీజు కట్టేటప్పుడు అలా ఆలోచిస్తాం?

పదహారేళ్ళకే శారా పెద్దింటి పిల్లలకు పాఠాలు చెప్పే గవర్నెస్‌గా చేరి సంపాదన మొదలుపెట్టింది. ఆ వయసులోనే ఒక స్నేహితురాలు ఆమెను హెర్తా అని పిలవసాగింది. స్విన్‌బర్న్ అనే కవి రాసిన పద్యంలోంచి తీసుకున్న పేరది. శారాకు ఆ పేరు నచ్చింది, జీవితాంతం అదే ఉంచుకుంది. మతం మీద నమ్మకం పోయినా తాను యూదురాలినని చెప్పుకోవడానికి ఎన్నడూ వెనకాడలేదు.

ఆడపిల్లల కోసం కేంబ్రిడ్జిలో గర్టన్ కాలేజీ పెట్టినవాళ్ళలో బార్బరా బోడిషాన్ ఒకావిడ. హెర్తాకు డబ్బు సాయం చేసి ఆ కాలేజీలో చేరేలా చేసింది ఆవిడే. నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ కూడా అండగా నిలబడింది. కాలేజీలో హెర్తా ఊరికే ఉండలేదు. నాడి కొట్టుకోవడాన్ని నమోదు చేసే పరికరం ఒకటి తయారుచేసింది, పాటల బృందం నడిపింది, ఆడపిల్లలతో అగ్నిమాపక దళం కూడా పెట్టింది. లెక్కల పరీక్ష పాసైంది. కానీ కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు డిగ్రీ ఇచ్చేది కాదు, సర్టిఫికెట్ మాత్రం చేతిలో పెట్టేది. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు డిగ్రీ ఇవ్వడం 1948లో గానీ మొదలుపెట్టలేదంటే నమ్ముతారా? హెర్తా లండన్ విశ్వవిద్యాలయానికి ప్రైవేటుగా కట్టి 1881లో బి.ఎస్సీ. తెచ్చుకుంది.

ఆ తర్వాత పాఠాలు చెప్పింది, ఎంబ్రాయిడరీ చేసి అమ్మింది, జబ్బుపడ్డ చెల్లెల్ని చూసుకుంది. ఇన్ని పనుల మధ్య ఒక గీతను కావలసినన్ని సమాన భాగాలు చేసే సాధనం కనిపెట్టి 1884లో పేటెంటు తీసుకుంది. బొమ్మలు గీసేవాళ్ళకు, ఇళ్ళ ప్లాన్లు వేసేవాళ్ళకు, ఇంజినీర్లకు పనికొచ్చే వస్తువది. ఆ సంవత్సరమే సాయంత్రం పూట కరెంటు గురించి చెప్పే క్లాసుల్లో చేరింది. అక్కడి ప్రొఫెసరు విలియం ఎయిర్‌టన్. ఆయన కుర్రతనంలో మన దేశంలో టెలిగ్రాఫు శాఖలో పనిచేసి, తీగలు ఎక్కడ పాడయ్యాయో కనిపెట్టే పద్ధతి మీద కృషి చేసినవాడు. భార్య పోయింది, ఆవిడ కూడా డాక్టరీ చదువు కోసం పోరాడిన మనిషి. ఒక కూతురు ఉంది, పేరు ఈడిత్. 1885లో విలియం, హెర్తా పెళ్ళి చేసుకున్నారు. మరుసటి ఏడు కూతురు పుడితే, తనకు చదువిచ్చిన తల్లిలాంటి బార్బరా పేరు పెట్టుకుంది హెర్తా.

ఇక ఇక్కడినుంచి కథ మనకు తెలిసిందే. చంటిపిల్ల, సవతి కూతురు, భర్త పనులు, వచ్చేపోయేవాళ్ళు. పరిశోధన మూలన పడింది. 1891లో బార్బరా బోడిషాన్ చనిపోతూ హెర్తాకు కొంత సొమ్ము రాసిపోయింది. ఆ సొమ్ముతో ఇల్లు చూసుకునే మనిషిని పెట్టుకుని హెర్తా మళ్ళీ పనిలోకి దిగింది. ఈ ముక్క చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యంలో అయిపోతుంది. నాకు మాత్రం ఆవిడ జీవితంలో పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది. నేను కథ రాయడానికి కూర్చున్నాక కుక్కరు ఎన్నో కూత వేసిందో లెక్కపెట్టే దాన్ని కాబట్టి, వంటమనిషి జీతానికీ విజ్ఞానశాస్త్రానికీ ఉన్న సంబంధం బాగానే అర్థమవుతుంది.

ఆ రోజుల్లో ఎడిసన్ బల్బులు వచ్చినా, వీధులకు, పెద్ద హాళ్ళకు, ఓడల సెర్చిలైట్లకు వెలుగంటే ఆర్క్ దీపమే. రెండు బొగ్గు కడ్డీల కొసలు తాకించి కరెంటు పంపి, కొద్దిగా ఎడం చేస్తే మధ్యలో కళ్ళు చెదిరే వెలుగు పుడుతుంది. మన సినిమా హాళ్ళలో కూడా చాలాకాలం అదే. కేబిన్‌లో ఆపరేటరు నల్ల అద్దంలోంచి చూస్తూ కడ్డీలు సర్దుతూ ఉండేవాడు. రాగిపూత ఉన్న కడ్డీ ముక్కల కోసం హాలు వెనక పిల్లలు వెతుక్కునేవాళ్ళు, గుర్తుందా?

ఆ దీపానికి ఒక పాడు గుణం ఉంది. బాగానే వెలుగుతూ వెలుగుతూ ఉన్నట్టుండి పాములా బుసకొడుతుంది. వెలుగు వణుకుతుంది, రంగు మారుతుంది. వీధిలో ఉంటే జనం తిట్టుకుంటారు, సెర్చిలైటు అయితే శత్రువు ఓడ తప్పిపోతుంది. కొలిచి చూస్తే బుస మొదలైన క్షణంలో వోల్టేజి దాదాపు 10 వోల్టులు ఒక్కసారిగా పడిపోతుంది, కరెంటు ఎగబాకుతుంది. ఎందుకు? ఎవరికీ తెలియదు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పేవాళ్ళు.

1893లో విలియం చికాగో మహాసభకు వెళ్ళాడు. ఆర్క్ మీద ఆయన మొదలుపెట్టిన ప్రయోగాలు హెర్తా చేతికొచ్చాయి. చికాగోలో చదివిన వ్యాసం రాతప్రతి అచ్చు కాకముందే కాలిపోయింది. ఆ తర్వాత విషయం పూర్తిగా ఆవిడదే అయింది. మొదటినుంచీ కొలిచింది. కడ్డీల మధ్య ఎడం ఎంత, వోల్టేజి ఎంత, కరెంటు ఎంత అని ఒక్కొక్కటీ మారుస్తూ, మిగిలినవి కదలకుండా ఉంచుతూ పట్టికలు వేసింది. కడ్డీల కొసలు కాలి ఒక ఆకారానికి వచ్చి నిలకడ పడేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడే అంకె రాసుకునేది. అందరికీ గజిబిజిగా కనిపించిన అంకెల మధ్య ఒక చక్కని సూత్రం బయటపడింది. దాన్ని నేటికీ ఎయిర్‌టన్ సమీకరణం అంటారు. 1895 నుంచి ది ఎలక్ట్రీషియన్ పత్రికలో వరసగా పన్నెండు వ్యాసాలు రాసింది.

ఇక బుస సంగతి. వెలుగుతున్నప్పుడు కరెంటు వచ్చే కడ్డీ కొసన చిన్న గుంట పడుతుంది. ఎక్కువ వెలుగు ఆ గుంటలోంచే వస్తుంది. కరెంటు పెంచినకొద్దీ గుంట పెద్దదై, కొస మీద చోటు చాలక పక్కలకు పాకుతుంది. అప్పటిదాకా వేడి ఆవిరి ఆ గుంటను మూసి ఉంచుతుంది. పక్కకు పాకగానే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ మండే బొగ్గును తాకడమే ఆ బుస! నమ్మడమెలా? హెర్తా ఆర్క్‌ను గాలి చొరబడని పాత్రలో పెట్టి వెలిగించింది. కరెంటు ఎంత పెంచినా వోల్టేజి దబ్బున పడలేదు. మళ్ళీ సన్నగా ఆక్సిజన్ వదిలింది. బుస వచ్చేసింది, వోల్టేజి పడిపోయింది. ఇంతే. చారులో ఉప్పెక్కువైందో పులుపెక్కువైందో తేల్చడానికి మనం ఒకటి తీసేసి, ఒకటి కలిపి రుచి చూసినంత తిన్నని పద్ధతి. ఇంత తిన్నగా ఆలోచించడానికే మేధ కావాలి.

1899 మార్చిలో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థలో ఈ వ్యాసం ఆవిడే నిలబడి చదివింది. ఆ సంస్థలో ఒక ఆడమనిషి తన వ్యాసం తానే చదవడం అదే మొదలు. కొద్దిరోజులకే సభ్యత్వం కూడా ఇచ్చారు. ఆ సంస్థకు మొదటి మహిళా సభ్యురాలు ఆవిడే.

ఆర్క్ చేసే గోల చెవికి వినిపించే బుసతో అయిపోదు. చెవికి అందని గోల ఇంకొకటి ఉంది. మనకు దగ్గరగా తగిలేది అదే. మిక్సీ వేయగానే పక్కనున్న రేడియో గర్రుమనడం, పాత టీవీ మీద తెల్ల చుక్కలు, గీతలు పరిగెత్తడం చూశారు కదూ? మిక్సీ మోటారులో తిరిగే భాగాన్ని రాసుకుంటూ రెండు చిన్న బొగ్గు ముక్కలు ఉంటాయి, కార్బన్ బ్రష్షులంటారు. అవి రాసుకున్నచోట క్షణక్షణం నిప్పురవ్వలు రాలతాయి. ఒక్కో రవ్వా ఒక బుల్లి ఆర్కే. తీగలో కరెంటు కుదురుగా పారితే పక్కవాళ్ళకు బాధ లేదు. తటాలున ఎగిరి పడుతూ ఉంటేనే చుట్టూ అలలు లేస్తాయి. వాటినే విద్యుదయస్కాంత తరంగాలంటాం. రేడియో ఏరియల్ వాటిని పట్టుకుని పాటతోపాటు మనకు వినిపిస్తుంది. గాలిలో రానివి కరెంటు తీగ వెంట పాకి ప్లగ్గులోంచి వస్తాయి. మా వీధి చివర గ్రిల్స్ చేసే ఒక వెల్డింగ్ షాపు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం రేడియో నాటకంలో సరిగ్గా నాయిక నిజం చెప్పబోయే సమయానికే అక్కడ వెల్డింగ్ మొదలయ్యేది. ఆ నాయికలు ఏం చెప్పారో నాకు నేటికీ తెలియదు.

ఈ గోల సంగతి లోకానికి వింతగా తెలిసిందీ ఆర్క్ దీపం వల్లే. విలియం ఎయిర్‌టన్ దగ్గర చదువుకున్న విలియం డడెల్ అనే యువకుడు ఆర్క్‌కు ఒక కాయిలు, కరెంటు నిలవ చేసే కండెన్సరు తగిలించి చూశాడు. ఆర్క్‌కు ఒక విచిత్ర స్వభావం ఉంది. మామూలు తీగలో కరెంటు పెరిగితే వోల్టేజి కూడా పెరుగుతుంది. ఆర్క్‌లో కరెంటు పెరిగితే వోల్టేజి తగ్గుతుంది. హెర్తా గీసిన గీతల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఈ తిరకాసు గుణం వల్లే ఆర్క్ ఊగడం మొదలుపెడితే తనంతట తానే ఊగుతూ ఉంటుంది. డడెల్ దీపం బుస మానేసి ఈలలా స్వరం పలికింది! మీటలు అమర్చి 1900 డిసెంబరులో ఇంజినీర్ల ముందు దానిమీద ఏకంగా వాళ్ళ జాతీయగీతం వాయించాడు. అదే కరెంటు లైను మీద ఉన్న వేరే గదుల్లోని ఆర్క్ దీపాలు కూడా ఆ పాట అందుకున్నాయని చెబుతారు. అక్కడ పాఠం చెప్పుకునేవాళ్ళు దీపాలు పాడటం విని ఏమనుకున్నారో! ఒక గదిలోని దీపం చేసే అల్లరి, తీగల వెంట ఇంకో గదిలోకి వెళ్ళిందన్నమాట.

కొద్ది ఏళ్ళకే డెన్మార్క్‌లో పౌల్సెన్ అనే ఆయన ఆర్క్‌ను హైడ్రోజన్ ఉన్న పెట్టెలో, అయస్కాంతాల మధ్య పెట్టి, చెవికి అందనంత వేగంగా ఊగేలా చేశాడు. ఆ ఊపు నేరుగా రేడియో అలలనే పుట్టించింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి సముద్రాలు దాటి కబుర్లు పంపిన పెద్ద పెద్ద వైర్‌లెస్ స్టేషన్లలో ఆర్క్‌లు వెలిగాయి. ఒకరికి కబురు, ఇంకొకరికి గోల. మాటల సినిమాలు వచ్చాక 1920ల చివర హాలీవుడ్‌లో కూడా ఇదే తంటా వచ్చింది. ఆర్క్ దీపాల హోరు మైకుల్లో పడుతోందని స్టూడియోలు మామూలు బల్బులకు మారాయి. హోరుకు కారణం దీపానికి కరెంటిచ్చే జనరేటరులోని అలజడి అని తెలిశాక, లైనులో చోక్ కాయిళ్ళు వేసి ఆర్క్ దీపాలను మళ్ళీ లోపలికి రానిచ్చారు.

మరి నేడు? బొగ్గు కడ్డీలు పోయి జెనాన్ దీపాలు వచ్చాయి. గాజుబుడ్డిలో ఎక్కువ ఒత్తిడితో జెనాన్ వాయువు నింపి, అందులోనే ఆర్క్ పుట్టిస్తారు. హెర్తా తన ఆర్క్‌ను గాలి తగలకుండా మూసినట్టే ఇదీ గాలికి అందకుండా ఉంటుంది, బుస ఉండదు. కానీ వెలిగించేటప్పుడు మాత్రం రెండు కొసల మధ్య ఖాళీని దాటించడానికి 20,000 నుంచి 30,000 వోల్టుల దెబ్బ ఒకటి కొట్టాలి. ఒకసారి వెలిగాక 20, 30 వోల్టులతో నడుస్తుంది. ఆ మొదటి దెబ్బ క్షణంలో కొన్ని వంతులే అయినా, చుట్టూ ఉన్న తీగలన్నిటిలోనూ ఉలికిపాటు పుట్టిస్తుంది. పక్కన కంప్యూటరు నడుస్తుంటే ఆగిపోవచ్చు, కెమెరా చిప్పు పాడవచ్చు, సున్నితమైన మీటరు తప్పుడు అంకె చూపవచ్చు. అందుకే ఇలాంటి ఆర్క్ దీపంతో పనిచేసే మైక్రోస్కోపులు ఉన్న లేబొరేటరీల్లో ఒక ఆచారం ఉంది. ముందు దీపం వెలిగించాలి, అది కుదుటపడ్డాకే కంప్యూటరు, కెమెరా ఆన్ చేయాలి. మధ్యలో దీపం ఆరిపోతే తక్కినవన్నీ ఆపి మళ్ళీ మొదటినుంచి. ఇంకా దీపాన్నీ దాని కరెంటు పెట్టెనూ ఇనుప డబ్బాలో మూసి ఎర్తు సరిగ్గా ఇస్తారు. దీపానికి వెళ్ళే తీగలు వీలైనంత పొట్టిగా ఉంచుతారు. లైనులో ఫిల్టరు పెడతారు. సున్నితమైన పరికరాలకు వేరే లైను లాగుతారు. మన ఇళ్ళలో కూడా, మిక్సీ పెట్టే ప్లగ్గులోనే పిల్లల కంప్యూటరు తగిలించకపోవడం మంచిది.

హెర్తా దగ్గరికి తిరిగి వద్దాం. ఆర్క్ మీద ఆవిడ రాసిన మరో వ్యాసాన్ని 1901లో రాయల్ సొసైటీలో చదివారు. చదివింది మాత్రం ఆవిడ కాదు. ఆడవాళ్ళు చదవకూడదు కాబట్టి జాన్ పెర్రీ అనే ఆయన ఆవిడ తరఫున చదివాడు. 1902లో ది ఎలక్ట్రిక్ ఆర్క్ అనే పుస్తకం వచ్చింది, ఆ విషయంలో అదే ప్రామాణికమైంది. ఆ ఏడే సొసైటీ ఫెలోగా ఆవిడ పేరు ప్రతిపాదించారు. సొసైటీ వాళ్ళకు ఏం చేయాలో తోచక లాయర్లను అడిగారు. పెళ్ళయిన ఆడదానికి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు, భర్తలోనే కలిసిపోయి ఉంటుంది, కాబట్టి ఫెలోగా తీసుకునే వీలు లేదని లాయర్లు తేల్చారు. పెళ్ళి కానివాళ్ళనైనా తీసుకోవచ్చో లేదో అనుమానమేనట! గాలి చొరబడితే ఆర్క్ ఏమవుతుందో తేల్చి చెప్పిన మనిషి ఉందో లేదో లాయర్లు తేల్చలేకపోయారు.

చిత్రమేమిటంటే, అదే సొసైటీ 1904లో ఆవిడను పిలిచి వ్యాసం చదివించుకుంది. అక్కడ తన వ్యాసం తాను చదివిన మొదటి మహిళ హెర్తా. ఈసారి విషయం ఆర్క్ కాదు, సముద్రపు ఒడ్డున ఇసుకలో పడే అలల మడతలు. భర్తకు ఒంట్లో బాగుండక సముద్రం దగ్గరికి మకాం మార్చినప్పుడు, లేబొరేటరీ లేదు కాబట్టి ఇసుకను చూస్తూ కూర్చుని పట్టుకున్న విషయమది. 1906లో ఆర్క్ మీదా ఇసుక అలల మీదా చేసిన కృషికి హ్యూస్ పతకం ఇచ్చారు. పతకం ఇవ్వడానికి అడ్డురాని చట్టం ఫెలోషిప్ ఇవ్వడానికే అడ్డొచ్చింది.

ఇద్దరూ కలిసి చేసిన పని భర్త పేరున పోతుందేమోనన్న భయం హెర్తాకు ఎప్పుడూ ఉండేదట. విలియం మంచివాడు. ఆర్క్ విషయంలో ఉమ్మడిగా పనిచేస్తే ఘనత తనకే కట్టేస్తారని తెలిసి పక్కకు తప్పుకున్నాడు. అయినా నౌకాదళం కోసం సెర్చిలైట్ల మీద చేసిన పనిలో మొదటి నివేదికలు ఆయన పేరునే వెళ్ళాయి. 1908లో ఆయన పోయాక మాత్రం ఆవిడ పేరుతో వెళ్ళింది. రేడియం కనిపెట్టింది మేరీ కాదు, ఆమె భర్త అని ఒక పత్రికలో వస్తే హెర్తాకు ఒళ్ళు మండి సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాసింది. ఆడదాని పనిని మగవాడికి అంటగట్టే పొరపాటుకు పిల్లికన్నా ఎక్కువ ప్రాణాలుంటాయని దాని సారాంశం.

ఓటు హక్కు కోసం ఇంగ్లండు ఆడవాళ్ళు రోడ్డెక్కిన రోజులవి. హెర్తా 1906 తర్వాత ఆ ఉద్యమంలో మునిగిపోయింది. 1910 నవంబరు 18న పార్లమెంటు దగ్గరికి వెళ్ళిన ఊరేగింపులో ఎమ్మెలీన్ పాంక్‌హర్స్ట్ వెంట ముందువరసలో నడిచింది. పోలీసులు ఆరోజు ఆడవాళ్ళను ఈడ్చి కొట్టారు. చరిత్రలో దానికి నల్ల శుక్రవారమని పేరు. అదే వరసలో మన పంజాబు మహారాజు రంజిత్‌సింగ్ మనవరాలు సోఫియా దులీప్‌సింగ్ కూడా ఉంది. హెర్తాకు అప్పటికి యాభై ఆరేళ్ళు. మరుసటి ఏడు జనాభా లెక్కలవాళ్ళు వస్తే, ఇద్దరు అభ్యర్థుల్లో ఒకరిని ఎంచుకునే తెలివి లేదన్నప్పుడు ఇన్ని ప్రశ్నలకు జవాబులెలా చెప్పగలనని కాగితం మీద రాసి తిప్పి పంపింది. 1912లో కూతురు బార్బరా జైలుకెళ్ళింది. జైల్లో నిరాహారదీక్ష చేసి చావుబతుకుల్లో విడుదలైన వాళ్ళను హెర్తా ఇంట్లో పెట్టుకుని సేవ చేసింది. వాళ్ళు కాస్త కోలుకోగానే మళ్ళీ పట్టుకుపోవడానికి పోలీసులు గుమ్మం బయట కాపలా ఉండేవాళ్ళు.

1915లో యుద్ధంలో జర్మన్లు విషవాయువు వదిలారు. కందకాల్లోని సైనికులు ఊపిరాడక చనిపోతున్నారని విని హెర్తా తన ఇంటి హాల్లో చిన్న కందకం నమూనాలు పెట్టుకుని, పొగతో ప్రయోగాలు చేసింది. ఇసుక అలల మీద చేసిన పనే ఇక్కడ అక్కరకొచ్చింది. నీళ్ళలో సుళ్ళు తిరిగినట్టే గాలిలోనూ సుళ్ళు పుట్టించి వాయువును బయటికి నెట్టే చేతి విసనకర్ర తయారుచేసింది. గుడ్డ, కర్ర తప్ప ఏమీ లేని వస్తువు. ఇంత మామూలు వస్తువు యుద్ధానికేం పనికొస్తుందని అధికారులు చాలాకాలం పక్కన పడేశారు. చివరికి లక్షకు పైగా విసనకర్రలు పశ్చిమ రంగానికి వెళ్ళాయి. అవి ఎంతవరకు పనిచేశాయన్న దానిమీద అప్పుడూ వాదాలున్నాయి, తర్వాతా ఉన్నాయి. ఆవిడ మాత్రం వాటిని మెరుగుచేయడం మానలేదు. మొత్తం 26 పేటెంట్లు తీసుకుంటే అందులో 13 ఆర్క్ దీపాలవి, చివరివి ఈ గాలి పనివి.

1923 ఆగస్టు 26న హెర్తా చనిపోయింది. ఏదో పురుగు కుట్టి రక్తం విషమెక్కిందట. అరవై తొమ్మిదేళ్ళు. సవతి కూతురు ఈడిత్ ఆవిడనే నాయికగా చేసుకుని ఒక నవల రాసి మరుసటి ఏడు అచ్చు వేసింది. సవతి తల్లి మీద అంత ప్రేమగా నవల రాసిన కూతుళ్ళు ఎంతమంది ఉంటారో! గర్టన్ కాలేజీలో ఆవిడ పేర పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్ పెట్టారు. ఆ నిధి ఇచ్చింది చిన్నప్పుడు హెర్తా అని పేరు పెట్టిన స్నేహితురాలే.

రాయల్ సొసైటీ ఆడవాళ్ళను ఫెలోలుగా తీసుకోవడం 1945లో మొదలైంది. సరిగ్గా ఆ సంవత్సరమే హెర్తా కూతురు, జైలుకెళ్ళిన ఆ బార్బరా, లేబర్ పార్టీ తరఫున గెలిచి పార్లమెంటులో కూర్చుంది. హ్యూస్ పతకం రెండో మహిళకు రావడానికి మాత్రం 2008 దాకా పట్టింది.